పెద్దమ్మ చేవ్రాలు

‘ఇల్లాలు’ అన్న మాటను విడదీస్తే ఇల్లు, ఆలు అని రెండు పదాలు వస్తాయి. సంస్కృతంలోని ‘గృహిణి’ కూడా ఆ తీరుదే. బడిలో మూడు దశాబ్దాలకు పైగా తెలుగు చెప్పినవాణ్ణి కనుక మాటలను ఇలా విడదీసి చూడడం నాకు అలవాటైపోయింది. ఈ రెండింటిలోనూ ఇల్లు ముందు వస్తుంది, మనిషి తరువాత వస్తుంది. ఆ వరుసలోనే గడచిన జీవితాన్ని ఒకదాన్ని నేను దగ్గర నుండి చూశాను. ఆమె మా అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. పేరు రాయడం ఆమెకు ఇష్టం ఉండదు కనుక రాయను. ఊరి పేరూ అక్కరలేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో, రేపల్లె ప్రాంతంలో, కాలువ చివరనున్న ఒక పల్లె అని చెబితే చాలు. నా చిన్ననాడు అది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుండి బాపట్ల జిల్లా.

పెద్దమ్మకు తన పుట్టిన తేదీ తెలియదు. “ఆంధ్రరాష్ట్రం వచ్చిన యేడు నా పెళ్ళి. అప్పటికి పదిహేనో పదహారో” అంటుంది. అంటే 1953. ఆ లెక్కన ఇప్పుడామెకు ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో ఉండాలి. ఆధార్ కార్డులో జనవరి 1 అని వేశారు. తాను కుప్పనూర్పుల రోజుల్లో పుట్టానని వాళ్ళమ్మ చెప్పేదట కాబట్టి, ఆ తేదీ సత్యానికి మరీ దూరమేమీ కాదు.

ఆమె దినచర్యను నేను చిన్నప్పుడు వేసవి సెలవులలో చూశాను. తరువాత ఆ ఊరి ఉన్నత పాఠశాలకే ఉద్యోగరీత్యా వచ్చినప్పుడు మళ్ళీ చూశాను. నేనెప్పుడు నిద్రలేచినా ఆమె అప్పటికే లేచి ఉండేది. వాకిట్లో పేడనీళ్ళు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టడం అయిపోయి ఉండేది. గేదెల కింద పేడ తీసి, కుడితి పెట్టి, పాలు పిండి, చల్ల చిలకడానికి కూర్చునేది. కవ్వం చప్పుడే మాకు మేలుకొలుపు. తీసిన పేడ వృథాగా పోయేది కాదు. గోడకు పిడకలై, ఎండి, దాలిలోకి చేరేది. దాలి అంటే ఈ తరంవారికి చెప్పవలసి ఉంటుంది. నేలలో చిన్న గుంట తీసి, పిడకలు పేర్చి, నిప్పు రాజేసి, దానిమీద పాలకుండ ఉంచుతారు. పాలు గంటల తరబడి నెమ్మదిగా కాగి ఎర్రబడతాయి, మీగడ మందంగా కడుతుంది. ఆ పెరుగు రుచి తెలిసినవారికి నేను వేరుగా చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెప్పినా ఫలం లేదు.

నీళ్ళ సంగతి మరొకటి. డెల్టా అంటే నీళ్ళకు కొదవలేని సీమ అని మెట్టవారు అనుకుంటారు. వరికి కొదవ లేదు, నిజమే. తాగే నీరు మాత్రం ఊరి చివరి మంచినీళ్ళ చెరువు నుండి బిందెలతో మోసుకురావలసిందే. కాలువ వదిలినప్పుడు ఆ చెరువును నింపుకొనేవారు. కాలువలు కట్టేసిన వేసవిలో అడుగంటిన ఆ నీరే గతి. కొత్త నీరు వచ్చినప్పుడు బురదరంగులో ఉండేది. పెద్దమ్మ ఇండుపగింజను కుండ లోపలి గోడకు అరగదీసి, నీళ్ళు పోసి, ఒక పూట కదపకుండా ఉంచేది. మడ్డి అడుగుకు చేరి నీరు తేటపడేది. ఇండుపకు సంస్కృతంలో కతకమని పేరు. కతకం పేరు పలికినంత మాత్రాన నీరు తేరదన్న మాట మనుస్మృతిలో ఉన్నదని నేను భాషాప్రవీణ చదువుతున్న రోజుల్లో గొప్పగా చెప్పాను. పెద్దమ్మ విని, “ఆ మాట రాసినాయన కుండ కడిగినాడో లేదో” అన్నది.

ఆమె నోట విన్న మాటలను ఒక నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతో 1962లో వెలువరించారు. దానిని చూసిన ఉత్సాహమది. బియ్యం బాగుచేయడమన్న ఒక్క పనికే ఆమె దగ్గర అయిదు క్రియలుండేవి. చేటను ఎగరవేసి ఊక పోగొట్టడం చెరగడం. చేటను పక్కలకు ఆడించి నూకలను వేరుచేయడం నేమడం. జల్లెడతో చేసేది జల్లించడం. నీళ్ళలో ఊపి రాళ్ళను అడుగున నిలపడం గాలించడం. చివరకు మిగిలిన మట్టిబెడ్డలను వేలితో తీసేది ఏరడం. ఈ అయిదింటినీ కలిపి మనం పట్నంలో ‘క్లీన్ చేయడం’ అంటున్నాము. అయిదు రకాల పనితనం ఒక మాటలో కలిసిపోతే ఏమి పోయిందో కూడా తెలియకుండా పోతుంది. ఇది భాషా పండితుని చాదస్తమని మా అబ్బాయి అంటాడు. అననీయండి.

నాట్ల రోజులలోనూ కోతల రోజులలోనూ పెద్దమ్మ ఇంటిపనికి పొలంపని తోడయ్యేది. వాళ్ళది నాలుగెకరాల సేద్యం. పొలానికి అన్నం గంప ఆమె నెత్తినే వెళ్ళేది. వరి కోతకు ముందే చేలో మినుములు చల్లడం మా ప్రాంతపు పద్ధతి. ఆ మినుములు ఇంటికి వచ్చాక విత్తనాలకు వేరుచేసి, బూడిద పట్టించి, కుండలలో పోసి, మూతికి మట్టి మెత్తడం పెద్దమ్మ వంతు. మరుసటి యేడు పైరు మొలవడం మొలవకపోవడం ఆ కుండల మీద ఆధారపడి ఉండేది. ఊళ్ళో ఎవరైనా “ఈ యేడు మినుము బాగా లేచిందే” అంటే పెదనాన్న మీసం మీద చేయి వేసేవాడు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఆమె తన జీవితానికి నడిగీటుగా పెట్టుకున్నది. ఏ సంగతైనా “ఉప్పెనకు ముందు”, “ఉప్పెన తరువాత” అనే చెబుతుంది. దివిసీమలో వేలాదిమందిని బలిగొన్న ఆ రాత్రి వీళ్ళ ఊరికి సముద్రపు నీరు రాలేదు, గాలి వచ్చింది. తెల్లవారేసరికి తాటాకు కప్పులు లేవు. పెంకుటిల్లు కనుక పెద్దమ్మ ఇల్లు నిలిచింది. వాడలోని వారందరూ ఆ ఇంట్లోకి వచ్చారు. ఎన్ని రోజులు, ఎంతమందికి వండిందో ఆమె లెక్కపెట్టలేదు. తడిసిన బియ్యం మాగిన వాసన మాత్రం చాలా ఏళ్ళు ముక్కును వదలలేదని చెప్పేది.

ఆమె పెళ్ళిలో మా తాతగారు పసుపు కుంకుమల కింద ఒక ఎకరం ఇచ్చారు. నలుగురిలో నోటిమాటగా ఇచ్చినదే కాని కాగితం లేదు. తరువాత కొలతలూ శిస్తులూ వచ్చినప్పుడు అది పెదనాన్న పేరున ఎక్కింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీ చేతిలోని ఆస్తిపై ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. అయితే చట్టం తోడు నిలవాలంటే ఆస్తి ఆమెదని తేలాలి కదా. ఆ ఎకరాన్ని అందరూ ‘పెద్దమ్మ ఎకరం’ అనేవారు. అక్కడ పండిన ధాన్యం మాత్రం అందరి పురిలోకే వెళ్ళేది. 1984లో పెద్ద కూతురి పెళ్ళికి దానిని అమ్మివేశారు. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరమని 1961లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి పెళ్ళిపందిట్లో ఎవరూ ఎత్తలేదు. ఒక తరంలో పసుపు కుంకుమలుగా వచ్చిన నేల మరొక తరంలో కట్నంగా వెళ్ళిపోయింది. బేరం కుదిరిన రోజున పెద్దమ్మ కొన్నవారికి మజ్జిగ ఇచ్చింది. ఆమెను అడగవలసిన అవసరం ఉన్నదని అక్కడ ఎవరికీ తోచలేదు. ఆమెకు తోచిందో లేదో నాకు చాలా ఏళ్ళ వరకు తెలియలేదు.

పాలకేంద్రం వచ్చాక చేతిలో కాస్త డబ్బు ఆడింది. పాలు పిండేది ఆమె, కేంద్రానికి మోసుకువెళ్ళేది ఆమె. పాసుపుస్తకంలో పేరు పెదనాన్నది. పదిహేను రోజులకొకసారి డబ్బు ఆయన చేతికి వచ్చేది. ఆయన చెడ్డవాడు కాడు. తాగుడు లేదు, పేకాట లేదు, ఆమెను పల్లెత్తు మాట అన్నది నేను వినలేదు. లోకం అలా ఉండేది, ఆయన లోకంలో ఉండేవాడు.

1990ల తొలినాళ్ళలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. ఉపాధ్యాయులం రాత్రిపూట వాడవాడలా చదువు చెప్పేవాళ్ళం. నెల్లూరు జిల్లాలో ఆ చదువే సారా వ్యతిరేకోద్యమానికి నాంది పలికింది. మా ఊళ్ళో అంతటి ఘనకార్యాలేవీ జరగలేదు. ఇరవైమంది ఆడవాళ్ళు రామమందిరం అరుగుమీద కూర్చునేవారు, సగంమంది కునికేవారు. పెద్దమ్మ కునకలేదు. ముగ్గులు వేసిన చేయి కనుక గీత వణకలేదు. ‘ళ’ అక్షరం చూసి “ఇది మెలిక ముగ్గురా అబ్బాయ్” అన్నది. పుస్తకం చదివే దాకా ఆమె చదువు సాగలేదు. మినుము కోతలు వచ్చాయి, బడి ఆగిపోయింది. అప్పటికి తన పేరు ఇంటిపేరుతో సహా రాయడం మాత్రం వచ్చింది. చేవ్రాలు అనే మంచి తెలుగు మాట ఉండగా సంతకం అనడమెందుకని నేనంటే, “నీ మాట నీది, నా గీత నాది” అని నవ్వింది.

2001 ఫిబ్రవరిలో జనగణన విధి నాకు ఆ ఊళ్ళోనే పడింది. పెద్దమ్మ ఇంటి అరుగుమీద కూర్చుని పత్రం నింపుతున్నాను. ఆమె పేరు దగ్గరకు వచ్చి, “పెద్దమ్మా, గడచిన యేడాదిలో నువ్వేమైనా పని చేశావా?” అని అడిగాను. ప్రశ్న అలాగే అడగాలి.

మంచం మీది నుండి పెదనాన్న, “దానికేం పనిరా, ఇంట్లోనే ఉంటుంది. ఏమీ లేదని రాసెయ్” అన్నాడు.

పెద్దమ్మ అప్పుడు గేదెకు చిట్టు కలుపుతున్నది. మోచేతి దాకా తడి. “అవున్రా, ఆయన చెప్పిందే రాయి” అన్నది.

నిజానికి ఆ పత్రంలో పనిలేనివారికి వేరే గడులున్నాయి. విద్యార్థి, ఇంటిపనులు, ఇతరులపై ఆధారపడినవారు, పింఛనుదారు, యాచకులు, ఇతరులు. ఇంటిపనులు చేసే ఆమె యాచకుల వరుసలోనే కూర్చుంటుంది. అయితే ఆ జనగణనలో ఒక మంచి నియమమున్నది. పాల ఉత్పత్తి ఇంటి వాడకానికే అయినా అది పనే. ఆరు నెలలు, అంతకు మించి చేస్తే ప్రధాన శ్రామికుల లెక్క. నేను ఆ నియమాన్ని పైకి చదివి వినిపించి, పని చేస్తుందని రాశాను.

పెదనాన్న లేచి కూర్చున్నాడు. “మరి నేనో?”

“మీరూ చేస్తారు. ఇద్దరూ శ్రామికులే.”

“ఇద్దరూ ఒకటేనా?” అన్నాడు. కోపం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. పెద్దమ్మ ఏమీ అనలేదు. చేయి కడుక్కుని లోపలికి వెళ్ళి నాకు కాఫీ తెచ్చింది. పత్రం వైపు ఒకసారి చూసి, “ఏ గడిలో పెట్టావు?” అని అడిగింది. చూపించాను.

ఆ వరుసను తప్పుబట్టినది నేనొక్కణ్ణే కాదని తరువాత తెలిసింది. 2010లో అరుణ్ కుమార్ అగర్వాల్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, గృహిణులను యాచకులతోనూ ఖైదీలతోనూ కలిపి పనిలేనివారిగా లెక్కించడాన్ని గట్టిగా ఆక్షేపించింది. 2021 జనవరిలో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ మరొక కేసులో, ఇంటిపని చేసే స్త్రీకి ఊహాత్మక ఆదాయం కట్టడం ఎందుకు న్యాయమో విడిగా రాశారు. 2011 జనగణనలో దాదాపు 16 కోట్లమంది స్త్రీలు ఇంటిపనినే తమ ముఖ్యవృత్తిగా చెప్పుకున్నారని, పురుషులు 58 లక్షలకు మించలేదని అందులో చూపారు. 2019లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 97 నిమిషాలు వెచ్చించిన మహానుభావులు మా ఊరివారు కారని నా గట్టి నమ్మకం. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుపుతామని 2025 జూన్‌లో ప్రకటించారు. ఇప్పుడు పెద్దమ్మకు గేదెలు లేవు. ఈసారి ఎవరో ఒక కుర్ర ఉపాధ్యాయుడు వచ్చి ఆమెను ఏ గడిలో పెడతాడో చూడాలి.

పెదనాన్న 2012లో పోయారు. కొడుకులలో పెద్దవాడు గుంటూరులో, చిన్నవాడు హైదరాబాదులో. కూతుళ్ళిద్దరూ అత్తవారి ఊళ్ళలో. అమ్మను ఒంటరిగా ఉంచకూడదని కొడుకులు ఆరేసి నెలల వంతు వేసుకున్నారు. ఇది మన దేశంలో చాలా ఇళ్ళలో ఉన్నదే. ప్రేమ లేక కాదు. ఇంటికి మూడు గదులు, ముగ్గురికి ఉద్యోగాలు. పెద్దమ్మ ఒక వంతు గుంటూరులో, ఒక వంతు హైదరాబాదులో గడిపింది. కోడళ్ళు ఇద్దరూ బాగానే చూశారు. “వంటింట్లోకి రావద్దు, కూర్చోండి అత్తయ్యా అంటారు. కూర్చుని ఏం చేయాలిరా?” అని నాతో అన్నది. రెండో వంతు పూర్తికాగానే ఊరికి వచ్చి తాళం తీయించుకున్నది. మళ్ళీ వెళ్ళలేదు.

2022లో ఇల్లు అమ్మకానికి వచ్చింది. రోడ్డు వెడల్పయి స్థలానికి ధర పలికింది. పిల్లల అవసరాలు పిల్లలకున్నాయి. పెదనాన్న వీలునామా రాయలేదు కనుక చట్టప్రకారం భార్యకూ నలుగురు సంతానానికీ తలా ఒక వంతు. అయిదుగురూ సంతకం చేస్తేనే రిజిస్ట్రేషను. నలుగురు ఒప్పుకున్నారు, బయానా కూడా పుచ్చుకున్నారు. పెద్దమ్మ ‘చూద్దాం’ అన్నది. నీ మాట వింటుందని నన్ను పిలిపించారు.

నేను దస్తావేజు నకలు పట్టుకుని వెళ్ళి, ఆమెకు మొదటి నుండి చివరి దాకా చదివాను. ఒప్పించడానికి ఒక్క మాటా చెప్పలేదు. ఏమి రాసి ఉన్నదో తెలియడం ఆమె హక్కు, అంతవరకే నా పని అనుకున్నాను. హద్దుల దగ్గర ఆపి, తూర్పున ఉన్న కొట్టం రాశారా అని అడిగింది. రాశారన్నాను.

“ఇందులో నా భాగం ఎంత?”

“అయిదింట ఒకటి.”

“అయితే ఏ గది నాదో చెప్పు.”

“అలా గదులుగా ఉండదు పెద్దమ్మా. మొత్తం మీద అయిదో వంతు.”

“నేను చెబుతా రాసుకో. వంటిల్లు నాది. మిగిలినవి వాళ్ళను అమ్ముకోమను.”

పెద్దవాడు నవ్వబోయి ఆగిపోయాడు. చిన్నవాడు, “అమ్మా, నువ్వు ఒక్కదానివి పడిపోతే చూసేదెవరు? మేమిక్కడికి రాగలమా?” అన్నాడు. అతడి గొంతులో భయమున్నది. అది ఉత్త డబ్బు మాట కాదని నేను నమ్ముతున్నాను. పెద్దమ్మ కూడా నమ్మినట్టే ఉంది, అతడి వీపు నిమిరింది. తరువాత నా వైపు తిరిగి అన్నది: “ఎకరం అమ్మిన నాడు నన్నెవరూ అడగలేదు. అడిగినా వేలిముద్ర వేసేదాన్నేమో. ఇప్పుడు అడిగారు. నాకు ఇష్టం లేదు. నేను పెట్టను.”

ముప్ఫై ఎనిమిదేళ్ళ తరువాత ఆ ఎకరం మాట ఆమె నోట వినడం అదే మొదలు.

బయానా తిరిగి ఇచ్చివేశారు. కొనబోయినవాడు కొంత గొడవ చేసి, పైన మరికొంత పుచ్చుకుని వెళ్ళాడు. ఆ సంక్రాంతికి చిన్నవాడు రాలేదు. పెద్దమ్మ అరిసెలు చేసి నా చేత బస్సులో పంపించింది. అవి చేరాయో లేదో అతడు ఫోను చేసి చెప్పలేదు. మరుసటి యేడు మాత్రం పిల్లలతో వచ్చాడు.

ఇప్పుడు రాత్రిళ్ళు తోడుగా పక్కింటి మనిషి ఒకామె వచ్చి పడుకుంటున్నది. ఒక కంటికి శుక్లం తీశారు, రెండవది వద్దన్నది. గ్యాసు పొయ్యి ఉన్నా పప్పు మాత్రం కట్టెల పొయ్యి మీదనే. దగ్గు వస్తుందని నేను పోరుతూనే ఉన్నాను.

మొన్నటి వానలకు వంటింటి పెంకులు కదిలి నీరు కారితే చిన్నవాడు వచ్చి దూలాలతో సహా మార్పించి వెళ్ళాడు. అరవైవేలయింది. పెద్దమ్మకు చెప్పవద్దన్నాడు. ఆమె తాపీమేస్త్రీని పిలిచి అడిగి తెలుసుకున్నది. నెలనెలా వృద్ధాప్య పింఛను నాలుగువేలు వస్తుంది. అందులోంచి వెయ్యి తీసి నా చేతికిచ్చి, చిన్నవాడికి పంపమన్నది. ఎందుకమ్మా అంటే, “అయిదింట ఒకటి నాదని నువ్వే కదరా చదివావు. కప్పు ఖర్చులో నా వంతు పన్నెండువేలు. నెలకు వెయ్యి” అన్నది. అతడు తీసుకోవడం లేదు, ఆమె ఆపడం లేదు. ఇప్పటికి ఏడు నెలలయింది. ఆ ఏడువేలూ ఒక కవరులో పెట్టి నా బల్ల సొరుగులో ఉంచాను.